తెల్లవారుజామున చెరువులో రాతికొండ ప్రతిబింబాన్ని ఫొటో తీయడం ఎలా?

కంభం చెరువు ఫొటోలు చూసినవాళ్లు నన్ను పదేపదే అడిగేది ఒక్కటే. "మేమూ చీకటితోనే వెళ్లాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. కొండ కళ్లకు రెండుగా కనిపించింది. ఫొటోలో మాత్రం పైన కొండ నిండుగా ఉంది, కింద సగమే వచ్చింది, అదీ మసకగా. ఎందుకు?" తీసిన ఫొటోలు కూడా పంపుతుంటారు. వాటిలో ఎక్కువ భాగం చెరువు కట్ట మీద నిలబడి తీసినవే. కెమెరాలో లోపం లేదు, చెయ్యి వణకడమూ పెద్ద లోపం కాదు. నిలబడిన చోటే తప్పు. అందుకే ఈ పనిని మొదటి నుంచి చివరి దాకా వరసగా రాస్తున్నాను.

ఏ చెరువు, ఏ నెల

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు ఉన్నవాళ్లకు కంభం చెరువును మించిన చోటు లేదు. విజయనగర కాలంలో గుండ్లకమ్మ నదికి అడ్డంగా, రెండు కొండల నడుమ సందును మూస్తూ కట్ట వేశారు. రాకుమారి వరదరాజమ్మ కట్టించిందని అక్కడ చెప్పుకుంటారు. 2020లో ఈ చెరువు ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేరింది. మన పనికి ఆ కట్టడం తీరు బాగా కలిసొస్తుంది. కొండ నీటి దాకా దిగి ఉంటుంది, ఆ కొండే గాలిని కొంత అడ్డుకుంటుంది.

నెల్లూరు జిల్లా వాళ్లకు సోమశిల దగ్గర, పెన్న వెలికొండలు దాటి వచ్చే చోట నిలిచిన నీళ్లు ఉన్నాయి. ఉదయగిరి దుర్గం కొండ కనిపించే ఏ ఊరి చెరువైనా పనికొస్తుంది. పెద్ద చెరువే కావాలని లేదు, ఎందుకో 3వ మెట్టులో చెబుతాను.

నవంబరు నుంచి జనవరి చివరి దాకా మంచి కాలం. మన వైపు చెరువులకు ఈశాన్య రుతుపవనాల వానలూ ఆధారం కాబట్టి అప్పటికి నీళ్లు నిండి ఉంటాయి, రాత్రి చల్లబడి తెల్లవారుజామున గాలి నిలిచిపోతుంది. వాన లేని ఏడాది కంభం చెరువులోనూ నీళ్లు బాగా వెనక్కి పోతాయి. ఊళ్లో తెలిసినవాళ్లను అడిగాకే బయలుదేరండి. నీటిమట్టం దిగితే రాతికీ నీటికీ మధ్య తెల్లటి చారో బురద పట్టీయో బయటపడుతుంది. ఫొటోలో అది రెండింతలై, కొండను నడిమికి నరికినట్టు కనిపిస్తుంది.

కావలసినవి

- ఏదైనా కెమెరా, లేదా ఫోను. ఫోనుతో తీసేవాళ్లకు విడిగా చివర రాశాను.
- 50 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య లెన్సు. వెడల్పు లెన్సు ఒక్కటే తీసుకెళ్లేవాళ్లు చాలామంది. కిలోమీటరు దూరంలోని కొండ అందులో చీమంత అవుతుంది.
- కాళ్లు బాగా పరుచుకొని నేలకు దగ్గరగా దిగే ట్రైపాడ్. లేకపోతే బియ్యమో ఇసుకో నింపిన చిన్న గుడ్డ సంచి చాలు. నేను చాలాకాలం ఆ సంచితోనే తీశాను.
- రెండు పొడి నూలు గుడ్డలు. ఒకటి లెన్సుకు, ఒకటి చేతులకు.
- టార్చి, పొడవాటి కర్ర, మడమ కప్పే బూట్లు.
- దారానికి కట్టిన చిన్న గుండు. తాపీమేస్త్రి వాడే తూకం గుండు లాంటిది. నవ్వకండి, 5వ మెట్టులో దాని పని ఉంది.

పోలరైజర్ ఫిల్టరు ఉంటే తీసి సంచిలో పెట్టేయండి. అది నీటి మీది మెరుపును తుడిచేయడానికి ఉన్న వస్తువు. మనకు కావలసింది ఆ మెరుపే.

మెట్లు

1. ముందురోజు సాయంత్రమే చోటు చూసుకోండి. పొద్దున వెలుగు తూర్పు నుంచి వస్తుంది. రాతి ముఖం మీద అది పడాలంటే కొండ మీకు పడమర ఉండాలి, మీరు తూర్పు ఒడ్డున ఉండాలి. కంభం దగ్గర నల్లమల పడమర దిక్కున ఉండటం మన అదృష్టం. ఫోనులోని దిక్సూచితో సరిచూసుకోండి. ఆ సాయంత్రమే ఎదుటి ఒడ్డున కరెంటు స్తంభాలు, గుర్రపుడెక్క, వలల తేలుబిళ్లలు ఎక్కడున్నాయో గమనించండి. చీకట్లో అవి కనపడవు, తెల్లవారాక కనపడితే అప్పటికే సమయం మించిపోతుంది.

2. సూర్యోదయానికి 45 నిమిషాల ముందు నీటి దగ్గర ఉండండి. కంభం వైపు డిసెంబరు చివర సూర్యోదయం సుమారు 6:35కు, జనవరి మధ్యలో 6:45కు కాస్త అటూ ఇటూ. అంటే ఆరు గంటలకు ముందే చేరాలి. సంచిలోంచి కెమెరా తీసి బయట పెట్టండి. ఏసీ గదిలోనో కారులోనో బయటి గాలి కంటే చల్లబడిన లెన్సు మీద కాసేపు తేమ పడుతుంది, బయటి గాలికి అలవాటుపడ్డాక అదే ఆరుతుంది. ఈ ఒక్క కారణంతో ఫొటో మొత్తం మంచు పట్టినట్టు వచ్చి, పొగమంచు అనుకున్నవాళ్లున్నారు.

3. కట్ట దిగండి. ఇదే అసలు మెట్టు.

ప్రతిబింబంలో మీరు చూసేది, మీరు నీటికి ఎంత ఎత్తులో ఉన్నారో అంతే లోతు నుంచి పైకి చూస్తే కనిపించే కొండను. సిద్ధాంతం ఇంతే, ఇక లెక్క చూడండి. ఎదుటి ఒడ్డు 300 మీటర్ల దూరంలో ఉందనుకోండి. దాని వెనక, మీకు 1000 మీటర్ల దూరంలో 100 మీటర్ల ఎత్తు కొండ ఉంది. నీటికి 15 మీటర్ల ఎత్తున కట్ట మీద నిలబడితే, ఒడ్డుకు పైన కనిపించే దానిలో సుమారు సగమే నీటిలో కనిపిస్తుంది. మిగతా సగాన్ని ఎదుటి ఒడ్డే మింగేస్తుంది. అదే కెమెరాను నీటికి అర మీటరు ఎత్తుకు దించితే పైదీ కిందదీ దాదాపు సమానం అవుతాయి. ఫొటోలు పంపి "సగమే వచ్చింది" అని అడిగినవాళ్లందరికీ జవాబు ఇదే.

ఇంకో సంగతి ఉంది. కెమెరా అర మీటరు ఎత్తులో ఉన్నప్పుడు ఆ కొండ కొన ప్రతిబింబం పడేది చెరువు నడుమ కాదు, మీ కెమెరాకు 5 మీటర్ల దూరంలోని నీటి మీద. నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే అది 15 మీటర్ల దూరానికి పోతుంది. దీన్నిబట్టి మూడు సంగతులు తెలుస్తాయి. చెరువు నడుమ అలలున్నా, మీ ముందు 5 మీటర్లు నిశ్చలంగా ఉంటే కొన చెక్కుచెదరదు. మీ ముందు తుంగ, నాచు ఉంటే ఎంత పెద్ద చెరువైనా కొన కనిపించదు. చెరువు అంతా కదులుతున్నప్పుడు ఒడ్డున విడిగా నిలిచిన నీటి మడుగు దగ్గరకు పోయి, కెమెరాను జానెడు ఎత్తుకు దించితే ఆ మడుగులోనే కొండ కొన మొత్తం దొరుకుతుంది.

ముందు వైపు నీటిలో రాతి గుండ్లు ఉంటే మాత్రం మరీ నేలకు దించకండి. గుండు పోయి వెనక కొండ ప్రతిబింబం మీద కూర్చుంటుంది. రెండింటి మధ్య వేలెడు నీరు కనిపించే దాకా కెమెరాను మెల్లగా లేపండి.

4. నేలను కర్రతో పొడిచి చూసి, కెమెరా పెట్టండి. చెరువు అంచున పైన ఎండినట్టున్న మన్ను కింద మోకాలి లోతు అడుసు ఉంటుంది. కర్ర సులువుగా దిగితే ఆ చోటు వదిలేయండి. అలుగు మీద, తూము మెట్ల మీద పాచి ఉంటుంది, అక్కడ అస్సలు నిలబడవద్దు. ఏ ఫొటో కోసమూ నీటిలోకి దిగవద్దు. ప్రమాదం అటుంచితే, మీరు దిగాక ఆ నీళ్లు తేరుకోవడానికి చాలా నిమిషాలు పడుతుంది, బురద రంగు అంతకంటే ఎక్కువసేపు ఉంటుంది.

5. ఒడ్డు గీతను నమ్మకండి, తూకం చూడండి. ఫొటో వంకరగా రావడానికి పెద్ద కారణం ఇది. ఒడ్డు గీత అడ్డంగా ఉండాలని అందరూ కెమెరాను దానికి సరిపెడతారు. కాని ఎదుటి ఒడ్డు ఒక వైపు మనకు దగ్గరగా, ఇంకో వైపు దూరంగా ఉంటుంది. అందుకని చూపుకు అది వాలుగానే కనిపించాలి. దాన్ని బలవంతంగా అడ్డం చేస్తే కొండ పక్కకు ఒరుగుతుంది.

మారనిది ఒక్కటే. రాతి కొనకూ నీటిలోని దాని కొనకూ గీసిన గీత నిట్టనిలువుగా ఉండాలి. తూకం గుండును దారంతో కెమెరా తెర ముందు వేలాడదీసి పట్టుకోండి. దారం ఒక రాతి కొన మీదుగా పోతే, కింద అదే కొన ప్రతిబింబం మీదుగానూ పోవాలి. తెర మీది గడులు కూడా పనికొస్తాయి, దారంతో తేడా ఇట్టే తెలుస్తుంది. కుడి వైపు ఒక కొన, ఎడమ వైపు ఒక కొన, రెండూ చూడండి.

6. ఫోకస్ రాతి మీద పెట్టండి, నీటి మీద కాదు. ప్రతిబింబం నీటి ఉపరితలం మీద అతికించిన బొమ్మ కాదు. కొండ ఎంత దూరంలో ఉందో, లెన్సుకు అదీ అంత దూరంలోనే ఉంటుంది. కెమెరా తనంతట తాను ఫోకస్ వెతికితే దగ్గరి ఎండుటాకునో నురగనో పట్టుకుంటుంది. అప్పుడు ఆకు మీది ఈనెలు కూడా స్పష్టంగా వస్తాయి, కొండ రెండు చోట్లా మసకేస్తుంది. రాతిలో నల్లటి చీలిక ఒకటి ఎంచుకుని దాని మీద ఫోకస్ చేసి, ఆటో ఫోకస్ ఆపేయండి. లెన్సు రంధ్రం ఎఫ్ 8 చాలు (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది). ముందు గుండ్లు కూడా కావాలంటే ఎఫ్ 11. ఎఫ్ 16 దాటితే మొత్తం ఫొటో పదును తగ్గుతుంది.

7. వెలుగు కొలవడం. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100, నొక్కిన రెండు సెకన్లకు తీసే టైమర్. చీకటి వీడే వేళ షట్టరు ఒకటి రెండు సెకన్లకు పోవచ్చు, తప్పులేదు. నీటిలోని కొండ పైకొండ కంటే ఒకటి, కొన్నిసార్లు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) ముదురుగా ఉంటుంది. అది సహజం. దాన్ని వెలిగించాలని మొత్తం ఫొటోను పెంచితే ఎండ పడిన రాయి తెల్లగా కాలిపోతుంది, ఆ వివరం మళ్లీ తిరిగి రాదు. పైకొండకు సరిపోయేలా వెలుగు పెట్టండి. ఒక స్టాపు తక్కువగా ఒకటి, ఎక్కువగా ఒకటి కూడా తీసుకోండి. రా ఫైలు (కెమెరా దిద్దకుండా దాచే ఫైలు) తీయగలిగితే తప్పక తీయండి.

8. కొన ఎర్రబడగానే మొదలుపెట్టండి. మొదట కొండ కొనకు ఎండ తగులుతుంది. అప్పటికి మీరూ మీ ముందు నీళ్లూ ఇంకా నీడలోనే ఉంటారు. ఆ పది నిమిషాలలో రాతి రంగు, నీటి ముదురు రంగు ఒకదానినొకటి ఎత్తిచూపుతాయి. మార్కాపురం, కంభం వైపు నేల పలకరాయికి పేరుపడింది. ఆ రాయి పొరలు పొరలుగా, చాలా చోట్ల ఏటవాలుగా ఉంటుంది. పక్క నుంచి వచ్చే పొద్దుటి ఎండలో ప్రతి పొర అంచూ గీత గీసినట్టు లేస్తుంది. కుడికి వాలిన పొర నీటిలో ఎదురు దిక్కుకు వాలుతుంది. రెండూ నీటి గీత దగ్గర కలిసి బాణం ములుకులా కనిపిస్తాయి. అలాంటి రాయి దొరికితే కొండ మొత్తాన్ని వదిలి ఆ ములుకునే తీయండి. ఒడ్డు గీతను ఫొటో సరిగ్గా నడిమికి తేవడానికి వెనకాడవద్దు. గీత మధ్యలో ఉండకూడదని చెప్పే సూత్రం ఇక్కడ అక్కరలేదు.

సూర్యుడు పైకి వచ్చి నేల వేడెక్కితే గాలి కదులుతుంది. తరచుగా గంట లోపే. ముందు దూరాన నీటి మీద బూడిద రంగు మచ్చలు కనిపిస్తాయి, అవి మీ వైపు వస్తాయి. మచ్చ చేరేలోపు తీసేయండి. కంభంలో ఒక తెప్ప మీది జాలరి నాకు నేర్పిన గుర్తు ఇది. ఆయన తెప్ప దాటిపోయే దాకా ఆగమని, వెనకాల నీళ్లు వాటంతట అవే సర్దుకుంటాయని కూడా ఆయనే చెప్పాడు. చెరువు వాళ్ల బతుకుతెరువు. వాళ్లను పక్కకు జరగమని అడగవద్దు, వలల తాళ్లను కదపవద్దు.

9. అక్కడే సరిచూసుకోండి. ఇంటికి వెళ్లాక చూద్దామనుకుంటే మరో చలికాలం ఆగాలి. ప్రతి నాలుగైదు ఫొటోలకు ఒకసారి తెర మీద పూర్తిగా పెద్దది చేసి, మీరు ఫోకస్ చేసిన చీలికను, నీటిలోని అదే చీలికను చూడండి.

రెండూ పదునుగా ఉంటే పని అయినట్టే. రెండూ మసకగా ఉంటే ఫోకస్ తప్పింది, లేదా కెమెరా కదిలింది. పైన పదునుగా ఉండి, కింద నిలువుగా సాగినట్టుంటే నీళ్లు కదిలాయి, ఆగి మళ్లీ తీయండి. ప్రతిబింబం కొన దగ్గర మాత్రమే చెదిరితే తప్పు మీ కాళ్లదే. ఒడ్డున నడిచినా, గులకరాయి జారినా ఆ 5 మీటర్ల నీరే ముందు కదులుతుంది. ఎండ పడిన రాయి మీద వివరం ఏమీ లేకుండా తెల్లటి మచ్చ ఉంటే వెలుగు తగ్గించండి. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎలా పరుచుకుందో తెర మీద చూపే గ్రాఫు) కుడి గోడకు ఆనకూడదు.

గాలి ఆగకపోతే

షట్టరు 20, 30 సెకన్లు తెరిస్తే నీళ్లు నునుపు అవుతాయని చాలామంది చెబుతారు. నునుపు అయ్యే మాట నిజమే. రాతి చీలికలు మాత్రం రావు, రంగు మరకలే మిగులుతాయి. రాతి ఆకారం కంటే రంగు ముఖ్యమనుకుంటే ఆ దారి పట్టండి. నా మటుకు నేను ఒడ్డు మడుగునో, కొండ చాటున్న మూలనో వెతుక్కుంటాను. అదీ కుదరకపోతే ఆ రోజుకు కెమెరా మూసేస్తాను.

ఫోనుతో తీసేవాళ్లకు

ఒక విషయంలో ఫోనే మేలు. తలకిందులుగా పట్టుకుంటే లెన్సు నీటికి రెండు వేళ్ల ఎత్తుకు వస్తుంది. పెద్ద కెమెరాతో అది కష్టం. మణికట్టుకు తాడు కట్టుకోండి. రాతి మీద వేలు నొక్కి ఉంచితే ఫోకస్, వెలుగు రెండూ అక్కడ ఆగిపోతాయి. తరువాత వెలుగు గీతను కొంచెం కిందికి లాగండి. 2 రెట్లు, 3 రెట్ల లెన్సు విడిగా ఉంటే వాడండి. లేకపోతే వేళ్లతో సాగదీయకుండా మామూలుగా తీసి తరువాత కత్తిరించుకోండి. ఫోను నీడలను తనంతట తాను వెలిగిస్తుంది. నీటిలోని కొండ పైకొండతో సమానంగా వెలిగితే ఫొటో కృతకంగా కనిపిస్తుంది. ఆ సదుపాయం ఆపే వీలుంటే ఆపండి.

ఇంటికి వచ్చాక

మొదట ఫొటోను తలకిందులు చేసి చూడండి. నిటారుగా ఉన్నప్పుడు కన్ను కొండ మీదే నిలుస్తుంది. తిప్పితే నీటి భాగం పైకి వచ్చి, ఒరిగిన గీత, తేలే ప్లాస్టిక్ సీసా, చెదిరిన కొన అన్నీ బయటపడతాయి.

వెలుగు దిద్దేటప్పుడు ఒక హద్దు పెట్టుకోండి. నీటిలోని రాయి ఎప్పుడూ అసలు రాయి కంటే ప్రకాశంగా ఉండదు. మీ ఫొటోలో ఉంటే ఎక్కువ దిద్దారని అర్థం, వెనక్కి రండి. పై సగాన్ని తిప్పి కింద అతికించే పని మాత్రం చేయవద్దు. నిజమైన ప్రతిబింబం కింది నుంచి చూసిన కొండ. ముందుకు పొడుచుకు వచ్చిన బండ అడుగు భాగం నీటిలోనే ఎక్కువ కనిపిస్తుంది. అతికించిన దానిలో అది ఉండదు, కాస్త చూపున్నవాళ్లు వెంటనే పట్టేస్తారు. అంత పొద్దున లేచి, అడుసులో మోకరిల్లి చూసింది ఆ అడుగు భాగాన్నే కదా, దాన్ని పోగొట్టుకోకండి.

కొన్ని హెచ్చరికలు

ఒంటరిగా వెళ్లవద్దు, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి. సోమశిల లాంటి ప్రాజెక్టుల దగ్గర ఆనకట్ట మీద ట్రైపాడ్ పెట్టే ముందు అక్కడి సిబ్బందిని అడగండి. నల్లమల లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి.

చీమకుర్తి చుట్టుపక్కల వదిలేసిన గ్రానైటు క్వారీలలో నిలిచిన నీళ్ల గురించి కూడా అడుగుతున్నారు. నల్లరాతి గోడలు, కదలని నీళ్లు, చూడటానికి నిజంగానే చాలా బాగుంటాయి. అయినా వెళ్లవద్దనే చెబుతాను. అక్కడ ఒడ్డు అనేదే లేదు. గోడ నిలువుగా నీటిలోకి దిగిపోతుంది, అంచున రాతి ముక్కలు వదులుగా ఉంటాయి, జారితే పట్టుకొని పైకి రావడానికి మెట్టు ఉండదు. కెమెరాను నీటికి దించడమే ఈ పనిలో ముఖ్యమని పైన రాశాను. క్వారీలో ఆ పని చేయడానికి సురక్షితమైన చోటు లేదు.